ముందు ఆయన దగ్గరికి వెళ్ళిరా

బాప్తిస్మం కావాలని ఎవరైనా వస్తే బుల్లయ్య గారు మొదట అడిగేది పేరు కాదు. "ఇప్పటిదాకా ఏ గుడికి వెళ్తున్నావు?" అని అడుగుతారు. "రోడ్డవతల గుడికండి" అన్నారంటే చేతిలో పని ఆపేసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "అయితే ముందు ఆయన దగ్గరికి వెళ్ళిరా. ఆయన చెప్పేదంతా విను. విన్నాక కూడా నీ మనసు ఇక్కడే ఉంటే, అప్పుడు రా" అంటారు.

ఆయన అంటే లూథరన్ పాస్టరు ప్రేమ్‌చంద్ గారు. బుల్లయ్య గారిది బాప్టిస్టు గుడి.

మా ఊరు చిలకలూరిపేట హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఊరి చివర రోడ్డుకి ఈ పక్క బాప్టిస్టు గుడి, ఆ పక్క లూథరన్ గుడి. ఆదివారం పొద్దున రెండు గంటలూ ఒకదాని మీద ఒకటి మోగుతాయి. మా నాన్న లాంటి మిరప రైతులకి రెండూ చర్చిలే. ఆదివారం కోతకి మనుషులు దొరకరు అన్నంతవరకే వాళ్ళకి అక్కర. లోపలి తేడా నాకూ తెలియదు. యూనివర్సిటీలో నాతో పాటు తెలుగు ఎమ్మే చదివిన క్రిస్టీనా చెబితే తెలిసింది.

లూథరన్లు పసిబిడ్డ తల మీద ఇత్తడి గిన్నెలోంచి నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. ఆ బిడ్డ పెద్దయ్యాక, కన్ఫర్మేషన్ అని, నమ్ముతున్నానని గుడిలో అందరి ముందూ చెప్పిస్తారు. బాప్టిస్టులు పసివాళ్ళకి ఇవ్వరు. బిడ్డ పెరిగి, విని, నమ్మి, తన నోటితో తాను చెప్పాకే కాలువలోకి తీసుకెళ్ళి నిలువునా ముంచుతారు. బయటివాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. లూథరన్ల దృష్టిలో బాప్తిస్మం దేవుడు చేసే పని. అది మనిషికి ఒక్కసారే. మళ్ళీ ముంచడమంటే దేవుడు చేసినదాన్ని కొట్టిపారేయడం. బాప్టిస్టుల దృష్టిలో అది మనిషి దేవుడికి ఇచ్చే జవాబు. ఊయలలో ఉన్నవాడి తరఫున ఇంకొకరు చెప్పేస్తే అది వాడి జవాబు కాదు. అందుకని ఈ గుడి నుంచి ఆ గుడికి మారడం చాప మార్చుకుని కూర్చున్నంత తేలిక కాదు. ఎవరు మారినా, వదిలిన గుడిని తప్పుపట్టినట్టే.

బుల్లయ్య గారు పుట్టింది ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడు కళ్ళాల్లో మిరపకాయలు తిరగేసేవారు. పెద్దయ్యాక పేటలో జిన్నింగు మిల్లులో పత్తి మోశారు. ఆ దూది దుమ్ము ఇంకా గొంతులోంచి పోలేదంటారు. మాట్లాడుతుంటే మధ్యలో ఒక పొడి దగ్గు వచ్చి, మాటని ఆపి, వెళ్తుంది. బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. మిల్లులో అన్నాల వేళ పత్తి బేళ్ళ మీద కూర్చుని బైబిలు చదవడం మొదలుపెట్టారు. అర్థం కానిది కనపడ్డ ప్రతివాళ్ళనీ అడిగేవారు. అడగడం ఎక్కువై, చివరికి ఎవరో బైబిలు కళాశాలకి పంపించారు. అక్కడ గురువులు "ఇన్ని ప్రశ్నలు వేస్తే పాస్టరువి ఎప్పుడవుతావయ్యా?" అన్నారట. అయ్యారు. సొంత ఊరి గుడికే వచ్చారు.

ఆయన భార్య రెబ్కా గారు ఇప్పటికీ అంటుంటారు. "ఈయనకి ఒక పూట అన్నం పెట్టకపోయినా ఊరుకుంటాడు. అడిగినదానికి జవాబు చెప్పకపోతే మాత్రం నిద్రపోనివ్వడు."

ప్రేమ్‌చంద్ గారు ఈ ఊరికి వచ్చేసరికి కొత్తగా వేదాంతం చదివి వచ్చిన కుర్ర పాస్టరు. అప్పటికే బుల్లయ్య గారు శిశు బాప్తిస్మాన్ని ఖండిస్తూ ఒక కరపత్రం అచ్చు వేయించి సంతలో పంచారు. నాలుగు చుక్కలు తలమీద పడితే చాలు, నమ్మకం ఉన్నా లేకపోయినా ఒకటేనని లూథరన్లు బోధిస్తారంటూ అందులో రాశారు. మర్నాడు ప్రేమ్‌చంద్ గారు సైకిలు వేసుకుని ఈ ఇంటికి వచ్చారు. చేతిలో అదే కరపత్రం. నిండా ఎర్ర సిరా.

గొడవకి వచ్చాడనుకుని రెబ్కా గారు ఇద్దరి మధ్యా మజ్జిగ చెంబు పెట్టి, వాకిట్లోనే నిలబడ్డారు.

"ఇది నేను చెప్పే మాట కాదండి" అన్నారు ప్రేమ్‌చంద్ గారు మొదటి ఎర్ర గీత మీద వేలు పెట్టి. "నమ్మకం అక్కర్లేదని మేం ఎన్నడూ అనలేదు. నేను అనని మాటని పట్టుకుని ఖండించారు. ఖండించాలంటే నేను అన్నవి బోలెడున్నాయి కదా, వాటిని పట్టుకోండి."

అంటూనే ప్రేమ్‌చంద్ గారు చివరి పేజీ తిప్పారు.

"ఇక్కడ మీ వాదన పలచబడిందండి. మీకు పనికొచ్చే బైబిలు వాక్యాలు ఇంకో రెండు ఉన్నాయి. అవి వదిలేశారు." ఆ రెండూ మార్జిన్‌లో రాసి ఉన్నాయి.

ఈ సంగతి చెప్పేటప్పుడు బుల్లయ్య గారు ఇప్పటికీ తల అడ్డంగా ఊపుతారు. "నేను అతని మీదికి రాయి వెతుక్కుంటుంటే, అది కాదన్నా, ఇది గట్టిగా తగులుతుంది అని చేతికిచ్చినట్టుంది."

మిగిలిన కరపత్రాలన్నీ రెబ్కా గారి పొయ్యిలోకి వెళ్ళాయి. కొత్తవి వేశారు. వాదన మారలేదు, మరింత గట్టిపడింది. ప్రేమ్‌చంద్ గారు దానికి జవాబు రాశారు. రాసి, అచ్చుకిచ్చే ముందు బుల్లయ్య గారికి పంపారు. అప్పటినుంచి అదే పద్ధతి. ఒకరు రాసింది రెండోవారు చూడకుండా అచ్చుకి వెళ్ళదు. ఎదుటివాళ్ళ వాదన జోలికి పోకూడదు. తమ గుడి బోధ గురించి రాసింది సరిగా ఉందా లేదా అన్నంతవరకే దిద్దాలి. ఈ మధ్య వాటిని టైపు చేసిపెడుతున్నది నేనే. ఒకరి అక్షరాల పక్కన ఇంకొకరి ఎర్ర సిరా ఉన్న కాగితాలు నా దగ్గరకొస్తాయి.

మనుషుల విషయంలో ఒప్పందం ఆ తర్వాత వచ్చింది. నీ గుడి వాళ్ళు నా దగ్గరికొస్తే ముందు నీ దగ్గరికి పంపిస్తాను. నా వాళ్ళు బిడ్డని ఎత్తుకుని నీ దగ్గరికొస్తే నువ్వూ అలాగే పంపాలి. కాగితం లేదు, సాక్షి లేడు. ప్రేమ్‌చంద్ గారు మధ్యలో కొన్నాళ్ళు బదిలీ మీద పిడుగురాళ్ల వెళ్తే, బుల్లయ్య గారు తన దగ్గరకొచ్చిన ఒకాయన్ని బస్సెక్కించి అక్కడిదాకా పంపారు. సున్నపు బట్టీల దుమ్ముతో తెల్లగా తిరిగొచ్చిన ఆ మనిషి "నేను లూథరన్‌గానే ఉంటానండి" అన్నాడు. బుల్లయ్య గారు "మంచిది, కాళ్ళు కడుక్కుని భోజనం చేసి వెళ్ళు" అన్నారు.

కిందటి ఫిబ్రవరిలో, కళ్ళాలు ఎర్రబడ్డ రోజుల్లో, ఆ ఒప్పందం ఆయన మెడకే చుట్టుకుంది. ఒకరోజు సాయంత్రం క్రిస్టీనా వచ్చి ఆయన అరుగు మీద కూర్చుంది. తోడుగా నేనూ వెళ్ళాను.

క్రిస్టీనా ప్రేమ్‌చంద్ గారి కూతురు.

"నాకు బాప్తిస్మం ఇవ్వండి అయ్యగారూ."

బుల్లయ్య గారు కళ్ళజోడు పైకి నెట్టలేదు. "నీకు మీ నాన్నే ఇచ్చాడు కదమ్మా. నేను ఆ రోజు ఆ గుడి వెనక బెంచీ మీద కూర్చునే ఉన్నాను."

"అప్పుడు నేను నిద్రపోతున్నానంట."

"కన్ఫర్మేషన్ రోజు మెలకువగానే ఉన్నావుగా? నమ్ముతున్నానని చెప్పావుగా?"

"నాన్న నేర్పింది అప్పజెప్పానండి. పరీక్షలో అప్పజెప్పినట్టు. నేను నిజంగా నమ్మింది ఆ తర్వాత. ఆ మాట నా అంతట నేను ఎక్కడా చెప్పలేదు."

"మీ నాన్నకి తెలుసా?"

"చెప్పాను. అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోయారు."

బుల్లయ్య గారికి దగ్గొచ్చింది. తగ్గాక, ఎవరికైనా చెప్పే మాటే చెప్పారు. "ముందు ఆయన దగ్గరికి వెళ్ళిరా."

"ఇరవై నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే వింటున్నానండి!"

"కూతురిగా విన్నావు. వెళ్ళిపోయే మనిషిగా వినలేదు."

ఈ కబురు గుడి సెక్రటరీ నాగేంద్రబాబుకి ఎలా తెలిసిందో తెలిసింది. అతను పేటలో స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. గుడి పాటలూ ప్రసంగాలూ యూట్యూబులో పెడుతుంటాడు. అతన్ని కాలువలో ముంచింది కూడా బుల్లయ్య గారే. తెల్లారేసరికి బండి మీద వచ్చేశాడు.

"అయ్యగారూ, ఇది మామూలు బాప్తిస్మం కాదండి. లూథరన్ పాస్టరు గారి సొంత కూతురు! కాలువలో ఎందుకు? అసలు మార్చి దాటితే కాలువ కట్టేస్తారు. వాడరేవు సముద్రంలో పెడదాం. రెండు బస్సులు మాట్లాడతా. ఫ్లెక్సీ కొట్టిస్తా. డ్రోన్ కూడా చెప్పాను."

"డ్రోన్ ఎందుకురా?"

"పైనుంచి సముద్రం బాగా వస్తుందండి."

"పైనుంచి చూడాల్సినాయన చూస్తూనే ఉంటాడు. నీ డ్రోన్ వద్దులే." బుల్లయ్య గారు నవ్వలేదు. "ఫ్లెక్సీ లేదు, బస్సు లేదు. ఆ అమ్మాయి ముందు వాళ్ళ నాన్న దగ్గర వినాలి. అప్పటికీ కావాలంటే మన కాలువ చాలు."

"ఆయన దగ్గరికి పంపితే మనసు మార్చేస్తాడండి!"

"మారితే మారనీ. ఒక్కసారి వింటే మారిపోయే మనసుని నేను నీళ్ళల్లో ముంచి ఏం చేసుకోను?"

నాగేంద్రబాబు బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు. "కమిటీలో అందరూ ఒక మాట మీదున్నారండి. మీకు పెద్దతనం వచ్చింది. ఆదివారం వాక్యం ఎవరు చెప్పాలన్నది కూడా ఈసారి కూర్చుని ఆలోచిస్తారు. నేను చెప్పాననుకోకండి."

"నువ్వే చెప్పావు కదరా" అన్నారు రెబ్కా గారు లోపలినుంచి.

అంటే సంగతి ఇదీ. ఒప్పందం నిలబెట్టుకుంటే, సొంత ఊళ్ళో తాను జీవితమంతా నిలబడ్డ ప్రసంగ వేదిక పోవచ్చు. వదులుకుంటే, ప్రేమ్‌చంద్ గారి మొహం మళ్ళీ చూడలేరు. బుల్లయ్య గారు ఆ పొద్దున్నే చొక్కా మార్చుకుని రోడ్డు దాటారు. కర్ర పట్టుకోమని రెబ్కా గారు నా చేతికిచ్చి వెనక పంపారు. ఆయన కర్ర తీసుకోలేదు కానీ, నన్ను పొమ్మనీ అనలేదు.

ప్రేమ్‌చంద్ గారు గుడి మెట్ల మీద ఉన్నారు. ముందే మాట అందుకున్నారు.

"క్రిస్టీనాని నా దగ్గరికి పంపకండి అన్నా. మనం అనుకున్న మాట ఈసారికి నేనే రద్దు చేస్తున్నాను. మీరే ముంచేయండి."

"ఎందుకట?"

"నేను చెప్పలేను. పాస్టరుగా మొదలుపెడతాను, నాలుగు మాటలయ్యేసరికి తండ్రి గొంతు వచ్చేస్తుంది. నిన్న రాత్రి అదే వచ్చింది. అరిచాను. తర్వాత ఏడ్చాను. నేను ఏడిస్తే పిల్ల మా గుడిలోనే ఉండిపోతుంది, నాకు తెలుసు. ఏడ్చి ఆపుకుంటే దాన్ని బోధ అంటారా?"

బుల్లయ్య గారు మెట్టు మీద కూర్చున్నారు. "మాట ఇచ్చింది నీ ఒక్కడికే అనుకున్నావా? వచ్చేవాళ్ళకి ఇచ్చాం అది. రెండు వైపులా వినే హక్కు ఆ పిల్లది. నువ్వెవరు రద్దు చేయడానికి?"

"మరి ఎవరు చెప్తారు దానికి?"

"నేను చెప్తా."

ప్రేమ్‌చంద్ గారు ఆ దిగులులోనూ నవ్వేశారు. "మీరా! శిశు బాప్తిస్మం సరైనదని, మీరు?"

"సరైనదని నేను అనను. సరైనదని మీరు ఎందుకంటారో చెప్తా. నీ రాతలు నీకంటే ఎక్కువ సార్లు చదివింది నేనే."

అలా ఆ వారం సాయంత్రాలు బాప్టిస్టు గుడి వసారాలో చాప పరిచి, శిశు బాప్తిస్మాన్ని తప్పని జీవితమంతా వాదించిన మనిషి, అది ఎందుకు సరైనదో చెప్పడం మొదలుపెట్టారు. రోడ్డు మీద గుంటూరు యార్డుకి మిరప బస్తాల లారీలు వెళ్తుంటే ఘాటుకి ముగ్గురం తుమ్ముతున్నాం. ఆయన దగ్గు వేరు. క్రిస్టీనా మొదట మొక్కుబడిగా కూర్చుంది. రెండో రోజుకి ముందుకి జరిగింది.

"బిడ్డ పాలు తాగే ముందు అమ్మని నమ్ముతున్నానని చెప్తుందా?" అన్నారు బుల్లయ్య గారు. "చెప్పదు. అలాగని నమ్మడం లేదంటావా? నోటితో చెప్పేదే నమ్మకమంటే, మాట పడిపోయిన ముసలమ్మకి నమ్మకం పోయినట్టేనా? దేవుడు ముందు ఇస్తాడు, మనం తర్వాత తెలుసుకుంటాం. ఇదీ వాళ్ళ మాట. చెప్పు, దీనికి నీ జవాబేంటి?"

క్రిస్టీనా తడబడింది. ఆయన సాయం చేయలేదు.

సరిగ్గా అప్పుడు నాగేంద్రబాబు వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. విన్నాడు. మొహం ఎర్రబడింది.

"అయ్యగారూ, మన గుడిలో కూర్చుని మనకే వ్యతిరేకంగా బోధిస్తున్నారా!"

"చెప్పులు విప్పి రా. కూర్చో. దీనికి జవాబు నీకు తెలుసా?"

"నాకెందుకండీ జవాబు? మనది కరెక్టని తెలుసు, చాలు."

"ఎందుకు కరెక్టో తెలియకపోతే, ఈ అమ్మాయిని ఎవరైనా రేపు అడిగితే ఏం చెప్తుంది? నీ యూట్యూబు చూపిస్తుందా?"

నాగేంద్రబాబు కూర్చోలేదు. "ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుందండి" అని వెళ్ళిపోయాడు. బుల్లయ్య గారు దగ్గి, నీళ్ళు తాగి, ఆపిన చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టారు. మర్నాడు కూడా అదే చోట, అదే చాప. క్రిస్టీనా "మీకు ఇబ్బంది అవుతుంది, ఇక చాలండి అయ్యగారూ" అంది. "సగం విని పోతే నువ్వు మోసపోయినట్టు, నేను మోసం చేసినట్టు" అన్నారు.

ఆ సాయంత్రం గోడవతల ఒక స్కూటరు ఆగిన చప్పుడైంది. దిగిన మనిషి లోపలికి రాలేదు. కాటరాక్టు ఆపరేషను తర్వాత బుల్లయ్య గారి చూపు అంతంత మాత్రమే. ఆయన చూశారో లేదో నాకు తెలియదు.

"కాబట్టి లూథరన్లు ఏమంటారంటే" అన్నారాయన, "తల్లిదండ్రుల నమ్మకం చాలు, బిడ్డకి దాన్నే లెక్కేస్తారు..."

"అది కాదు!"

గోడ మీదినుంచి ప్రేమ్‌చంద్ గారి తల. మరుక్షణం ఆయన మెట్లెక్కి వచ్చేశారు, చెప్పులతోనే.

"తల్లిదండ్రుల నమ్మకం బిడ్డకి లెక్కేస్తారని మేం ఎక్కడన్నాం? ఎన్నిసార్లు దిద్దాను అన్నా ఆ ముక్క! బిడ్డకే దేవుడు నమ్మకం ఇస్తాడంటాం. తల్లిదండ్రులు ఎత్తుకుని తీసుకొస్తారు, అంతే!"

"అయితే నువ్వే చెప్పు" అని బుల్లయ్య గారు చాప మీద పక్కకి జరిగారు.

ప్రేమ్‌చంద్ గారు అప్పుడు చూసుకున్నారు, ఎక్కడ నిలబడ్డారో, ఎదురుగా ఎవరున్నారో. బయటికెళ్ళి చెప్పులు విప్పి వచ్చారు. కూర్చున్నారు. కూతురి వైపు తిరిగి, ఎవరో కొత్త మనిషి వివరం అడగడానికి వస్తే పలకరించినట్టు పలకరించారు.

"క్రిస్టీనా గారూ, మీకు ఇప్పటిదాకా ఏం చెప్పారో చెప్పండి."

క్రిస్టీనా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ తేరుకుంది. "చెప్తానండి, అయ్యగారూ" అంది.

ఆ సాయంత్రమూ, ఆ తర్వాతి రెండు సాయంత్రాలూ వాళ్ళు అలాగే మాట్లాడుకున్నారు. మీరు, గారు, అయ్యగారూ. ఆయన ఒక్కసారీ గొంతు పెంచలేదు, అమ్మాయ్ అని పిలవలేదు. అడగాల్సినవన్నీ అడిగారు. ఒక్కటీ తేలిక ప్రశ్న కాదు. బుల్లయ్య గారు గోడకి ఆనుకుని వింటూ, తన వైపు బోధ గురించి ఏదైనా తేడాగా వస్తే చెయ్యెత్తేవారు. ప్రేమ్‌చంద్ గారు ఆగి, దిద్దుకుని, ముందుకి వెళ్ళేవారు.

చివర్న అడిగారు. "మీరు పసిబిడ్డగా ఉన్నప్పుడు దేవుడు మీకిచ్చిన మాట చెల్లదంటారా?"

"ఆయన ఇచ్చాడనే నమ్ముతానండి. నేనే జవాబివ్వలేదు. అది ఇప్పుడు ఇస్తానంటున్నాను."

"అది తప్పని నా అభిప్రాయం."

"తెలుసండి."

"కానీ విని చెప్పారు." ఆయన లేచి నిలబడ్డారు. "ఇక నా దగ్గర చెప్పాల్సింది లేదు." మెట్లు దిగి, స్కూటరు దగ్గరికెళ్ళి, అక్కడినుంచి అదే గొంతుతో కాకుండా, మామూలు గొంతుతో అన్నారు. "బండెక్కవే, ఇంటికి పోదాం. అన్నం చల్లారిపోతుంది."

ఆదివారం కమిటీ కూర్చుంది. గుడిలోనే, అందరి ముందూ. నాగేంద్రబాబు లేచి, అయ్యగారు మన చాప మీద అవతలివాళ్ళ బోధ చెప్పారు, చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి అన్నాడు. పెద్దమనిషి ఒకాయన బుల్లయ్య గారిని "ఇకముందు అలా చేయనని చెప్పండయ్యా, దీన్ని ఇంతటితో వదిలేద్దాం" అని బతిమాలినట్టు అడిగాడు.

బుల్లయ్య గారు నిలబడ్డారు. "నేను చెప్పినదాంట్లో తప్పుంటే చూపించండి, ఒప్పుకుంటాను. చూసేవాళ్ళ కోసమైతే నేను ఏదీ మార్చను. ఎదుటివాడి మాట ఉన్నదున్నట్టు చెప్పడానికి భయపడితే, మన మాట మీద మనకే నమ్మకం లేదన్నట్టు. ఈసారి ఎవరొచ్చినా ఇలాగే చేస్తాను. మీరు చేయాల్సింది మీరు చేయండి."

చేతులెత్తమన్నారు. ఆయన వైపు లేచిన చేతులు తక్కువ. రెబ్కా గారు రెండూ ఎత్తారు. "ఒకటే లెక్కమ్మా" అంటే, "రెండోది కోపానికి" అన్నారు.

వచ్చే నెల నుంచి చీరాల వైపు నుంచి ఒక కుర్ర పాస్టరు వచ్చి వాక్యం చెప్తాడని నిర్ణయించారు. బుల్లయ్య గారు వేదిక మీదున్న తన బైబిలు తీసుకుని చంకలో పెట్టుకున్నారు. క్రిస్టీనాకి మాత్రం కొత్తాయన చేత వాడరేవులో ఇప్పిద్దామని నాగేంద్రబాబు ఇంకోసారి అడిగి చూశాడు. ఆమె "నన్ను మా నాన్న దగ్గరికి పంపినాయన చేతిలో అయితేనే" అంది.

కాలువ కట్టేసే ముందు వారం, పొద్దున్నే, మా పొలం దారిలో ఉన్న రేవు దగ్గర బాప్తిస్మం జరిగింది. ఫ్లెక్సీ లేదు. వచ్చినవాళ్ళు పదిమందికి మించరు. నాగేంద్రబాబు వచ్చి దూరంగా బండి మీదే కూర్చున్నాడు. ఫోను జేబులోనే ఉంది. కాలువలో నీళ్ళు తగ్గి, నడుం లోతే ఉన్నాయి. అవతల గట్టు మీద పత్తి కట్టె పీకిన చేలు.

ప్రేమ్‌చంద్ గారు తెల్ల అంగీతో వచ్చారు, ఆదివారం గుడిలో వేసుకునేదే. తండ్రిగా చాటుగా వచ్చాడని ఎవరూ అనకూడదని కాబోలు. వచ్చి గట్టు మీద అందరికంటే ముందు నిలబడ్డారు.

బుల్లయ్య గారు పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగబోతూ ఆగారు. కళ్ళజోడు తీశారు. అది పెట్టుకుని వంగితే నీళ్ళలో పడుతుంది. తీస్తే ఎదురుగా మనిషి కూడా సరిగా కనపడడు. చెయ్యి ముందుకి చాపారు. ప్రేమ్‌చంద్ గారు కళ్ళజోడు అందుకున్నారు.

క్రిస్టీనా దిగి ఆయన పక్కన నిలబడ్డాక, బుల్లయ్య గారు గట్టువైపు తిరిగారు. అది ఆయన ఎప్పుడూ అడిగే మాట కాదు.

"ప్రేమ్‌చంద్ గారూ, మీకు అభ్యంతరం ఉంటే అందరి ముందూ చెప్పండి."

"ఉంది" అన్నారు ప్రేమ్‌చంద్ గారు. "ఈ అమ్మాయికి బాప్తిస్మం ఒకసారి అయింది. నా చేత్తో ఇచ్చాను, ఇచ్చింది నేను కాదు. అది చెల్లుతుంది. ఇప్పుడు మీరు ఇచ్చేది అక్కర్లేనిది. ఇది నా బోధ, నా గుడి బోధ. చెప్పాను." కాస్త ఆగి అన్నారు. "ఆమె అంతా విని వచ్చింది. ఇక మీ పని మీరు చేయండి."

"విన్నాను" అన్నారు బుల్లయ్య గారు.

క్రిస్టీనా తన నోటితో తాను చెప్పాల్సింది చెప్పింది. చిన్న గొంతే అయినా గట్టు మీదికి వినపడింది. ఆయన ఒక చెయ్యి ఆమె వీపు వెనక, ఒక చెయ్యి ఆమె చేతుల మీద పెట్టి నీళ్ళలోకి వంచి, లేపారు. గట్టు మీద ప్రేమ్‌చంద్ గారు కళ్ళు మూసుకోలేదు. చేతిలో కళ్ళజోడు అద్దాలని తెల్ల అంగీ అంచుతో తుడుస్తూ, చూస్తూనే ఉన్నారు.

బుల్లయ్య గారు తడుముకుంటూ మెట్లెక్కారు. ప్రేమ్‌చంద్ గారు రెండడుగులు దిగి, భుజం పట్టుకుని పైకి లాగి, కళ్ళజోడు తానే ఆయన చెవులకి తగిలించారు. అప్పుడు కూతురు వైపు తిరిగి, రెబ్కా గారి చేతిలోని తువ్వాలు అందుకుని, "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు బుల్లయ్య గారు ముందు వరసలో చాప మీద కూర్చుంటున్నారు. కుర్ర పాస్టరు వాక్యం అయిపోయాక బయట మెట్ల దగ్గర ఆగి, ఆయన ఏం ప్రశ్న వేస్తారోనని భయపడుతూనే ఎదురుచూస్తాడట. వేదిక పోయినందుకు బాధ లేదా అని నేనొకసారి అడిగాను. "ఉంది" అన్నారు. ఇంటి అరుగు మీద మాత్రం చాప పరిచే ఉంచారు. మొన్న ఒక జంట పసిపిల్లని ఎత్తుకుని ఆ అరుగు ఎక్కారు. వీళ్ళు ఈ గుడివాళ్ళే. బిడ్డకి బాప్తిస్మం ఇవ్వమని అవతలికి వెళ్తే, ప్రేమ్‌చంద్ గారు ఇటు పంపారట.

ఈ మధ్య బుల్లయ్య గారు కొత్త కరపత్రం రాశారు, ముంచి ఇచ్చే బాప్తిస్మమే సరైనదని. టైపు చేసి, పద్ధతి ప్రకారం ప్రేమ్‌చంద్ గారికి ఇచ్చి వచ్చాను. నిన్న ఆయనే స్కూటరు మీద వచ్చి, అరుగు మీద కాగితాలు పడేశారు. ఎర్ర సిరా ఒకే ఒక్క చోట ఉంది.

"మూడో పేజీ చూడండన్నా" అన్నారు చెప్పులు విప్పుకుంటూ. "మళ్ళీ అదే ముక్క. నేనలా అనలేదు."